బీఎస్సీ నర్సింగా, జీఎన్‌ఎమ్మా, ఏఎన్‌ఎమ్మా: ఏం నేర్పుతారో చూసి ఎంచుకోండి

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, పాపను నర్సింగ్‌లో వేద్దామనుకుంటున్నాం. బీఎస్సీ మంచిదా, జీఎన్‌ఎం మంచిదా?" అని అడుగుతారు. ఆ తర్వాత ఫీజు సంగతి, ఆ తర్వాత ఉద్యోగం సంగతి. ఆ పాప అన్నేళ్లూ అక్కడ ఏం చదువుతుంది, వార్డులో నిలబడి ఏం చేస్తుంది అని అడిగినవాళ్లు చాలా తక్కువ. బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ. జీఎన్‌ఎం అంటే జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ (ప్రసూతి సేవ) డిప్లొమా. ఏఎన్‌ఎం అంటే ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్, ఊరి ఆరోగ్య పనికి తయారుచేసే కోర్సు. నేను జీఎన్‌ఎం చేసి, కొన్నేళ్లు డ్యూటీ చేసి, తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ (జీఎన్‌ఎం చేసినవాళ్లు చదివే డిగ్రీ) చదివాను. రెండు తరగతి గదుల్లోనూ కూర్చున్నాను కాబట్టి తేడా ఎక్కడుందో నాకు తెలుసు. జీతంలో తేడా తర్వాతి మాట. ముందు తేడా నేర్చుకునేదాంట్లోనే ఉంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, ఇంటర్‌లో మీ గ్రూపు. బైపీసీ కాకపోతే నేరుగా బీఎస్సీలో చేరే దారి అక్కడే మూసుకుపోతుంది. రెండోది, ఇంటికి మీ సంపాదన ఎంత త్వరగా కావాలి. ఒక్క ఏడాది తేడా కూడా కొన్ని ఇళ్లలో చాలా పెద్దది. మూడోది, మీరు పని చేయాలనుకునే చోటు: పెద్దాసుపత్రి ఐసీయూనా, సొంత మండలంలో సబ్‌సెంటరా (ఊరి ఆరోగ్య ఉపకేంద్రం), విదేశమా. నాలుగోది, చదువు ఎంత లోతుగా ఉంటే మీకు ఇష్టం. "ఇలా చెయ్యి" అంటే చేసి తృప్తి పడేవాళ్లు ఉంటారు, "ఎందుకు?" అని అడగందే నిద్ర పట్టనివాళ్లూ ఉంటారు. ఇద్దరూ మంచి నర్సులే అవుతారు, కానీ ఇద్దరికీ ఒకే కోర్సు సరిపోదు.

వీటన్నిటికన్నా నేను ఎక్కువ బరువు ఇచ్చేది ఇంకొకటి ఉంది. మీరు చేరే కాలేజీకి నిజంగా పేషెంట్లున్న ఆసుపత్రి ఉందా లేదా అన్నది. దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను.

| | బీఎస్సీ నర్సింగ్ | జీఎన్‌ఎం | ఏఎన్‌ఎం |
|---|---|---|---|
| కాలం | 4 ఏళ్లు, 8 సెమిస్టర్లు | 3 ఏళ్లు | 2 ఏళ్లు |
| ఇంటర్‌లో ఉండాల్సింది | బైపీసీ, ఇంగ్లిష్. 45 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 40) | ఏ గ్రూపైనా, ఇంగ్లిష్. 40 శాతం | ఏ గ్రూపైనా |
| రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు | రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ | అదే | ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్ |
| చదువు మొగ్గు | కారణాలు, నిర్ణయాలు, అన్ని విభాగాలు | వార్డు పని, చేతి పనితనం | ఊరి ఆరోగ్యం, టీకాలు, గర్భిణులు, పిల్లలు |
| తర్వాతి మెట్టు | ఎమ్మెస్సీ నర్సింగ్, 2 ఏళ్లు | పోస్ట్ బేసిక్ బీఎస్సీ, 2 ఏళ్లు | జీఎన్‌ఎం |

బీఎస్సీ, జీఎన్‌ఎం చేసినవాళ్లకు కౌన్సిల్ నమోదు ఒకటే అన్నది చాలామందికి తెలియదు. ఇద్దరూ రిజిస్టర్డ్ నర్సులే. ఒకే వార్డులో ఒకే యూనిఫాంలో ఒకే పని చేస్తూ కనిపిస్తారు.

## బీఎస్సీ నర్సింగ్: నాలుగేళ్లలో ఏం ఉంటుంది

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొత్త సిలబస్ 2021–22 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా ఏడాదికోసారి ఉన్న పరీక్షలు సెమిస్టర్లుగా మారాయి.

మొదటి సెమిస్టర్‌లో అనాటమీ, ఫిజియాలజీ, సైకాలజీ, సోషియాలజీ, ఇంగ్లిష్, నర్సింగ్ ఫౌండేషన్స్ ఉంటాయి. బైపీసీ చదివినా అనాటమీ పదాలు చూసి చాలామంది బెదిరిపోతారు. ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు మొదటి మూడు నెలలు టెన్షనే. రాత్రి హాస్టల్‌లో ఎముకల పేర్లు బట్టీ పడుతూ ఏడ్చిన పిల్లలను చూశాను. వాళ్లే రెండో ఏడాదికి వైవాలో గడగడా చెబుతారు. భయం సబ్జెక్టుది కాదు, భాషది. అది పోతుంది.

నర్సింగ్ ఫౌండేషన్స్ అంటే అసలు పని. పేషెంటు మంచం మీదుండగానే దుప్పటి మార్చడం, నోరు శుభ్రం చేయడం, ఒళ్లు తుడవడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, బీపీ, నాడి, శ్వాస లెక్కపెట్టడం. "ఇందుకా డిగ్రీ?" అని అడిగిన నాన్నలున్నారు. ఇందుకే. శ్వాస లెక్కపెడుతున్నానని పేషెంటుకు తెలిస్తే ఆ లెక్క మారిపోతుంది. అందుకే నాడి పట్టుకున్నట్టే చేయి అలాగే ఉంచి ఛాతీ కదలిక చూస్తాం. ఇంత చిన్న విషయం వెనక కూడా చదువుంది.

లెక్కలూ ఉంటాయి. 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి, ఆ సెట్‌లో మిల్లీలీటరుకు 20 చుక్కలు. అంటే 10,000 చుక్కలు 240 నిమిషాల్లో పడాలి, నిమిషానికి సుమారు 42. గడియారం చూస్తూ రోలర్ తిప్పి ఆ 42 చుక్కలను పట్టుకోవడం మొదటి ఏడాదిలోనే వచ్చేయాలి.

రెండో సెమిస్టర్‌లో బయోకెమిస్ట్రీ, పోషకాహారం, కంప్యూటర్‌లో ఆరోగ్య రికార్డుల సంగతి. రెండో ఏడాది మైక్రోబయాలజీ, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, పాథాలజీ, జన్యుశాస్త్రం, ఫార్మకాలజీ (మందుల శాస్త్రం), వాటితోపాటు పెద్దవాళ్ల జబ్బులన్నీ చేరే మెడికల్ సర్జికల్ నర్సింగ్. సిరంజి సూది తెల్ల డబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, వాడిన ప్లాస్టిక్ ట్యూబులు ఎర్ర సంచిలోకి వెళ్లాలని ఇక్కడే నేర్పుతారు.

నాలుగేళ్లలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఫార్మకాలజీ. ఒక ఉదాహరణ చెబుతాను. గుండె జబ్బుకు డిగాక్సిన్ ఇచ్చే ముందు గుండె దగ్గర స్టెత్ పెట్టి నిమిషం పాటు లెక్కపెట్టాలి, పెద్దవాళ్లలో 60 కన్నా తక్కువుంటే మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలి. జీఎన్‌ఎంలో ఇది నాకు నియమంగా నేర్పారు. ఏళ్ల తరబడి తప్పకుండా పాటించాను. పోస్ట్ బేసిక్‌కు వెళ్లాక తెలిసింది, అదే పేషెంటు ఒంటి నీరు తగ్గడానికి ఫ్రూసెమైడ్ కూడా వాడుతుంటే పొటాషియం పడిపోతుందని, పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషంగా మారే ప్రమాదం పెరుగుతుందని. అప్పటి నుంచి నాడితో ఆగలేదు, పొటాషియం రిపోర్టు కూడా వెతకడం మొదలుపెట్టాను. రెండు చదువుల తేడా ఒక్క మాటలో చెప్పమంటే నేను ఈ మాత్ర కథే చెబుతాను.

మూడో ఏడాది నుంచి విభాగాలు విడివిడిగా వస్తాయి. పిల్లల నర్సింగ్, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్, ఫోరెన్సిక్ నర్సింగ్ పరిచయం, ఆ తర్వాత మిడ్‌వైఫరీ. మన రాష్ట్రాల్లో మానసిక ఆరోగ్యం పోస్టింగ్ అనగానే చాలామందికి హైదరాబాద్ ఎర్రగడ్డ, లేదంటే విశాఖ మానసిక ఆసుపత్రి గుర్తొస్తాయి. వెళ్లేముందు పిల్లలు ఎంత భయపడతారో, తిరిగొచ్చాక అంత మెత్తబడతారు. లేబర్ రూమ్‌లో ప్రసవం ఎలా సాగుతోందో చూపే పార్టోగ్రాఫ్ గీయడం, పుట్టిన బిడ్డకు ఒకటో నిమిషంలో, అయిదో నిమిషంలో బిడ్డ పరిస్థితిని తెలిపే ఎప్గార్ స్కోరు వేయడం నేర్చుకుంటారు. ఇవి లాగ్ బుక్‌లో నమోదవ్వాలి. చూశానంటే చాలదు, చేశానని టీచరు సంతకం ఉండాలి.

నర్సింగ్ మేనేజ్‌మెంట్, రీసెర్చ్, గణాంకాలు కూడా ఉంటాయి. పిల్లలు వీటిని పట్టించుకోరు. కానీ వార్డు ఇన్‌చార్జి అయ్యాక డ్యూటీ లిస్టు వేసేటప్పుడు, కావలసిన సామానుకు ఇండెంట్ పెట్టేటప్పుడు పనికొచ్చేవి ఇవే. చివరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్: 22 వారాలు, వారానికి 48 గంటలు, నైట్ డ్యూటీలతో సహా.

ఇబ్బందులు కూడా చెప్పాలి. రాత పని చాలా ఎక్కువ. కేర్ ప్లాన్లు, కేస్ స్టడీలు, ప్రొసీజర్ బుక్కులు రాస్తూ రాస్తూ పేషెంటు దగ్గర గడిపే సమయాన్ని కొందరు తగ్గించుకుంటారు. మంచి ఆసుపత్రి లేని కాలేజీలో చదివిన బీఎస్సీ అమ్మాయి సబ్జెక్టంతా చెబుతుంది, సెలైన్ ఎక్కించడానికి నరంలోకి కాన్యులా పెట్టమంటే చేయి వణుకుతుంది. ఈ మాట వార్డుల్లో తరచూ వింటాం, అందులో నిజముంది.

## జీఎన్‌ఎం: త్వరగా వార్డులోకి

మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, సైకాలజీ, సోషియాలజీ, నర్సింగ్ ఫౌండేషన్స్, కమ్యూనిటీ హెల్త్. రెండో ఏడాది మెడికల్ సర్జికల్, మానసిక ఆరోగ్యం, పిల్లల నర్సింగ్. మూడో ఏడాది మిడ్‌వైఫరీ, కమ్యూనిటీ రెండో భాగం, ఆపై ఇంటర్న్‌షిప్. సబ్జెక్టుల పేర్లు దాదాపు బీఎస్సీవే. ఫార్మకాలజీ, పాథాలజీ అక్కడిలా విడి పేపర్లుగా ఉండవు, జబ్బులతో కలిపి చెప్పేస్తారు. రీసెర్చ్ పరిచయం మాత్రమే.

చేయి మాత్రం త్వరగా తిరుగుతుంది. మా బ్యాచ్‌లో ఆర్ట్స్ గ్రూపుల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. ఫిజియాలజీ కష్టమైంది కానీ డ్రెస్సింగ్, రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం), క్యాథెటర్ (మూత్ర గొట్టం) లాంటి పనుల్లో ఎవరికీ తీసిపోలేదు. ఎంపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ చదివి నర్సు కావాలని గట్టిగా అనుకున్నవాళ్లకు ఇదే సరైన తలుపు.

ఒక చోట మాత్రం డిప్లొమా వెనకబడుతుంది. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పెట్టే నార్సెట్ పరీక్ష రాయాలంటే బీఎస్సీవాళ్లు చదువు, రిజిస్ట్రేషన్ పూర్తయితే చాలు. జీఎన్‌ఎంవాళ్లకు వాటితోపాటు కనీసం 50 పడకల ఆసుపత్రిలో 2 ఏళ్ల అనుభవం కావాలి. గరిష్ఠ వయసు సాధారణంగా 30. ఆ పోస్టు మూల వేతనం 44,900 నుంచి మొదలవుతుంది కాబట్టి ఈ రెండేళ్ల తేడాను చిన్నదిగా తీసుకోకండి.

## ఏఎన్‌ఎం: ఊరి నర్సమ్మ చదువు

దీన్ని చిన్న కోర్సని తీసిపారేసేవాళ్లంటే నాకు బాధ. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక సబ్‌సెంటర్ లెక్క. అక్కడ మొదట కనిపించే మనిషి ఏఎన్‌ఎం.

కమ్యూనిటీ హెల్త్, పోషకాహారం, పారిశుధ్యం, అంటువ్యాధులు, ప్రథమ చికిత్స, పిల్లల ఆరోగ్యం, మిడ్‌వైఫరీ, ఆరోగ్య కేంద్రం నిర్వహణ నేర్పుతారు. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచడం, బీసీజీని (క్షయ టీకా) ఎడమ భుజం మీద చర్మంలోకే ఇవ్వడం, కలిపిన బీసీజీ వయల్‌ను 4 గంటల తర్వాత పారేయడం లాంటి విషయాల్లో మంచి ఏఎన్‌ఎంకు ఉన్నంత స్పష్టత చాలామంది ఆసుపత్రి నర్సులకు ఉండదు. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ మాత్రం ఈ చదువులో లేవు. ఏఎన్‌ఎం చేసి ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు పని చేస్తామనుకుంటే అది మీకూ, పేషెంటుకూ మంచిది కాదు.

మన రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి తర్వాత ఒకేషనల్ ఇంటర్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ (ఎఫ్), అంటే మహిళా ఆరోగ్య కార్యకర్త కోర్సు కూడా ఉంది. ఈ కోర్సులు ఆడపిల్లలకే.

## ఎవరికి ఏది

నీట్ రాసి సీటు రాక నర్సింగ్ వైపు చూస్తున్నవాళ్లకు: బీఎస్సీకి మీ బైపీసీ సరిపోతుంది, చదువు మీకు తేలిగ్గానే వస్తుంది. కానీ ఇది తగ్గించిన ఎంబీబీఎస్ కాదు. డాక్టర్ జబ్బేంటో తేల్చి వెళ్తాడు, నర్సు ఆ మనిషి దగ్గర ఎనిమిది గంటలు ఉంటుంది. వాంతి, మలం, చీము, ఏడుపు, చావు అన్నీ చూడాలి. చేరేముందు తెలిసిన ఆసుపత్రిలో ఒక జనరల్ వార్డులో బంధువుల పక్కన ఒక పూట కూర్చుని చూడండి. తట్టుకోగలమనిపిస్తే చేరండి. మరోసారి నీట్ రాస్తూనే మధ్యలో సీటు పట్టుకుందామనుకుంటే ఆ సీటు ఇంకొకరికి వదిలేయండి.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకు: బైపీసీ ఉంటే ముందు కన్వీనర్ కోటాకు ప్రయత్నించండి. తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రలో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆ సీట్లకు కౌన్సెలింగ్ నిర్వహిస్తాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హత ఉందో ముందే చూసుకోండి. ప్రభుత్వ కాలేజీలో సీటు వస్తే ఇంకేం ఆలోచించొద్దు, అక్కడ పేషెంట్లకు కొదవ లేదు. రాకపోతే మేనేజ్‌మెంట్ సీటుకు అప్పు చేసే బదులు మంచి ఆసుపత్రి ఉన్న చోట జీఎన్‌ఎం చేసి, రెండేళ్లు డ్యూటీ చేసి, పోస్ట్ బేసిక్‌కు వెళ్లండి. మొత్తం మీద చదువు అయిదేళ్లవుతుంది, కానీ మధ్యలో జీతం వస్తుంది. నేను వచ్చిన దారి ఇదే. ఎక్కడ ఇబ్బంది పడ్డానంటే, పెళ్లయ్యాక చంటిపిల్లతో మళ్లీ పరీక్షలు రాయడం చాలా కష్టమైంది. నాలుగేళ్లూ ఒకేసారి చదవగలిగే వీలుంటే చదివేయండి.

విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లకు బీఎస్సీ అనే నేను గట్టిగా చెబుతాను. అమెరికాకు ఎన్‌సీఎల్‌ఈఎక్స్ అనే లైసెన్సు పరీక్ష రాయాలి, బ్రిటన్‌కు ఇక్కడ కంప్యూటర్ పరీక్ష, అక్కడ ప్రాక్టికల్ పరీక్ష, ఇంగ్లిష్‌కు ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ. జర్మనీకి జర్మన్ భాష రావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు ఆ భాష నేర్పించి పంపే కార్యక్రమం నడుపుతోంది. గల్ఫ్‌లో సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు. అమెరికా కోసం మీ చదువును పరిశీలించేవాళ్లు డిగ్రీ పేరొక్కటే చూడరు. పెద్దల, పిల్లల, ప్రసూతి, మానసిక విభాగాల్లో తరగతి ఎన్ని గంటలు, క్లినికల్ ఎన్ని గంటలు అని ట్రాన్‌స్క్రిప్ట్‌లో వెతుకుతారు. కాబట్టి సైకియాట్రీ పోస్టింగ్ ఎగ్గొట్టి ఇంటికెళ్లిన రెండు వారాలు పదేళ్ల తర్వాత అడ్డం రావచ్చు.

సొంత ఊరు వదలలేనివాళ్లకు ఏఎన్‌ఎం ఒక్కటే దారి కాదు. బీఎస్సీ చదివినవాళ్లు ఊరి ఆరోగ్య కేంద్రాల్లో ఎంఎల్‌హెచ్‌పీలుగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు) పని చేస్తున్నారు. కొత్త బీఎస్సీ సిలబస్‌లో ఆ పనికి కావలసిన పాఠాలు కూడా కలిపారు. బైపీసీ ఉండి పల్లెలోనే ఉండాలనుకునే అమ్మాయికి ఇది నాకు బాగా నచ్చిన దారి.

మగపిల్లలకు: ఎయిమ్స్ పోస్టుల్లో ఆడవాళ్లకు 80 శాతం, మగవాళ్లకు 20 శాతం కేటాయిస్తారు. పోటీ గట్టిగా ఉంటుంది. కాబట్టి వీలైనంతవరకు బీఎస్సీయే చేయండి. క్యాజువాలిటీ, ఐసీయూ, డయాలసిస్‌లో మగ నర్సులు రాణించడం నేను దగ్గరగా చూశాను.

అమ్మానాన్నలకు ఒక మాట. నైట్ డ్యూటీ మూడు కోర్సుల్లోనూ తప్పదు. "చదువు అయ్యాక పగటి డ్యూటీ చూసుకుందాంలే" అనుకుని పంపకండి.

## చేరేముందు కాలేజీలో చూడాల్సినవి

బీఎస్సీ నడపడానికి కాలేజీకి 100 పడకల పేరెంట్ (అనుబంధ సొంత) ఆసుపత్రి ఉండాలన్నది నిబంధన. ఒక విద్యార్థికి ముగ్గురు పేషెంట్ల చొప్పున ఉండాలంటారు. బోర్డు మీద 100 అని రాసి ఉండటం వేరు, మంచాల మీద మనుషులు ఉండటం వేరు. చెప్పాపెట్టకుండా ఉదయం పది గంటలకు వెళ్లి లేబర్ రూమ్ ముందు, పిల్లల వార్డు ముందు కాసేపు నిలబడండి. నాకు తెలిసిన ఒక అమ్మాయి చేరిన చోట ఏడాదికి ఒకట్రెండు ప్రసవాలే. బొమ్మ మీద డెలివరీ నేర్చుకుని, లాగ్ బుక్ పక్కవాళ్లది చూసి నింపుకుని బయటికొచ్చింది. మొదటి ఉద్యోగంలో లేబర్ రూమ్ డ్యూటీ పడితే భయంతో మానేసింది.

రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, విశ్వవిద్యాలయం అనుబంధం ఈ ఏడాదికి ఉన్నాయో లేదో కాగితం చూపించమనండి. బెంగళూరు కాలేజీల్లో సీటు ఇప్పిస్తామని వచ్చే ఏజెంట్లు మన ఊళ్లలో తిరుగుతుంటారు. అక్కడా మంచి కాలేజీలున్నాయి. కానీ "తరగతులకు రాకపోయినా ఫర్వాలేదు, పరీక్షకు వస్తే చాలు" అన్న మాట వినబడితే అక్కడితో ఆపేయండి. ఆరు నెలల నర్సింగ్ అసిస్టెంట్ సర్టిఫికెట్లతో కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎన్నాళ్లు పెట్టుకుంటారో, మధ్యలో మానేస్తే మొత్తం ఫీజు కట్టమంటారో రాతపూర్వకంగా అడగండి. హాస్టల్, యూనిఫాం, పోస్టింగులకు బస్సు ఖర్చు ఫీజులో కలిపారో విడిగా అడుగుతారో తేల్చుకోండి.

ప్రిన్సిపాల్ గదిలోంచి బయటికొచ్చాక హాస్టల్ వైపు వెళ్లి, మూడో ఏడాది అమ్మాయి ఎవరైనా కనిపిస్తే పలకరించండి. నిన్న ఏ వార్డులో డ్యూటీ పడింది, ఎంతమంది పేషెంట్లను చూసుకున్నావు, సొంతంగా ఏం చేశావు అని అడగండి. టక్కున పేషెంటు గురించి చెప్పడం మొదలుపెడితే మీ పాపను అక్కడ చేర్పించవచ్చు.